టీమ్ నాలుగు దేశాల్లో ఉంటే, బరువు ఎవరి మీద పడుతోంది?

రాత్రి పదకొండున్నరకు కాల్‌లో చేరి, కెమెరా ఆపేసి, గంటసేపు ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయే మనిషి చాలా టీముల్లో కనిపిస్తారు. నా టీమ్‌లోనూ ఒకరు ఉండేవారు. ‘చొరవ తక్కువ’ అని అప్రైజల్‌లో రాశాను. ఆరు నెలలకు ఆయన రాజీనామా చేశారు. కారణం అడిగితే చెప్పింది ఒకటే మాట: “రెండేళ్లలో మన వారపు మీటింగ్ ఒక్కసారి కూడా నా పగటి పూట జరగలేదు.” క్యాలెండర్ తీసి చూశాను. నిజమే. ఆ మీటింగ్ టైము పెట్టింది నేనే, నాకు వీలైనట్టు.

ఒకే అంతస్తులో కూర్చునే పది మందిని నడిపిన అనుభవంతో నాలుగు దేశాల్లో ఉన్న పది మందిని నడపబోతే ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పక్కపక్కన ఉన్నప్పుడు ఎవరికి కష్టంగా ఉందో మొహం చూస్తే తెలిసిపోయేది. దూరంగా ఉన్నప్పుడు ఆ అవకాశం లేదు. మనకు తెలియకుండానే ఇబ్బందంతా ఒకరిద్దరి మీదకు జారిపోతుంది. దానికి తోడు హైబ్రిడ్ పని (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు), ఏఐ, ఉద్యోగాల కోత అనే టెన్షన్. సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద మనసు పెట్టి పనిచేస్తున్న ఉద్యోగులు 2024లో 23 శాతం నుంచి 21 శాతానికి తగ్గారు. మేనేజర్లలో అయితే 30 నుంచి 27కి పడిపోయింది. టీమ్‌కు ఉత్సాహం ఇవ్వాల్సినవాళ్లే ముందు అలసిపోతున్నారన్నమాట. అందుకని ఇక్కడ చెప్పబోయేవాటిలో మానేయమనేవి కూడా చాలానే ఉంటాయి.

కింద ఉన్న ఎనిమిది అడుగుల్లోనూ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ పద్ధతి వల్ల ఇబ్బంది ఎవరికి? ప్రతిసారీ వాళ్లకేనా?

మొదటి అడుగు: ఒక పట్టిక వేయండి

ఒక పూట కేటాయించండి. ఒక్కొక్కరికీ ఒక్కో వరుస. గడుల్లో ఇవి రాయండి: ఉండే ఊరు, రోజూవారీ మీటింగులు వాళ్ల గడియారం ప్రకారం ఎన్నింటికి పడుతున్నాయి, టీమ్ మాట్లాడే భాష వాళ్ల సొంత భాషేనా, మీరు కూర్చునే ఆఫీసుకు వస్తారా, వాళ్లతో మీరు విడిగా మాట్లాడి ఎన్ని రోజులైంది, పై వాళ్లకు కనిపించే పని చివరిసారి ఎప్పుడిచ్చారు, ఎక్కడైనా ఆగిపోతే ఎవర్ని అడుగుతారు.

జ్ఞాపకం మీద ఆధారపడి నింపకండి. క్యాలెండర్, మెయిళ్లు తెరిచి చూడండి. “మొన్ననే మాట్లాడాను” అనుకున్న మనిషితో ఏడు వారాలు దాటిందని అక్కడే తెలుస్తుంది. ఇబ్బందిగా ఉన్న గడిని ఎర్రగా రంగేయండి. ఎరుపు టీమ్ మొత్తానికీ చెదిరి ఉంటే మీ పరిస్థితి బాగానే ఉన్నట్టు. రెండు వరుసల్లోనే పేరుకుంటే పని అక్కడ మొదలుపెట్టాలి. చాలా టీముల్లో జరిగేది రెండోదే. రాత్రిపూట కాల్‌లో ఉండేవాళ్లే పరాయి భాషలో మాట్లాడాల్సినవాళ్లు, ఆఫీసుకు దూరంగా ఉన్నది వాళ్లే, ప్రమోషన్ లిస్టులో పేరు లేనిదీ వాళ్లకే.

ఈ పట్టికను ఎవరికీ చూపించకండి, కనీసం మొదటిసారి. ఇది మీ అద్దం.

రెండో అడుగు: గడియారం దగ్గర సర్దుబాటు

ముందు ఒప్పుకోవాల్సిన సంగతి: కొన్ని టీములకు అందరికీ సరిపడే గంట అనేది అసలు లేదు. న్యూయార్క్, లండన్, సింగపూర్, సిడ్నీల్లో మీవాళ్లు ఉన్నారనుకోండి. జనవరిలో లండన్‌లో మధ్యాహ్నం 1 గంట అంటే న్యూయార్క్‌లో ఉదయం 8, సింగపూర్‌లో రాత్రి 9, సిడ్నీలో అర్ధరాత్రి 12. ఎటు జరిపినా ఎవరో ఒకరి నిద్ర పోతుంది. అలాంటప్పుడు “మంచి టైము” కోసం వెతకడం మానేసి, అందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం ఎందుకో ఆలోచించండి. లండన్‌లో ఉదయం 8కి సింగపూర్, సిడ్నీలతో ఒక కాల్, మధ్యాహ్నం 2కి న్యూయార్క్‌తో ఇంకో కాల్. రెండింటి నోట్సూ ఒకే చోట. టీమ్ అంతా కలిసేది నెలకొక్కసారి చాలు.

ఆ నెలవారీ కాల్‌ను మాత్రం తిప్పండి. ఈ మూడు నెలలూ ఒక ప్రాంతం వాళ్లు రాత్రి మేలుకుంటే, వచ్చే మూడు నెలలూ ఇంకో ప్రాంతం వాళ్లు. ప్రతి నెలా మారిస్తే ఎవరికీ గుర్తుండదు కాబట్టి మూడు నెలలకోసారి మార్చడం మేలు. ఈ తిప్పడంలో మీ వంతు కూడా ఉండాలి. బాస్ వంతు ఎప్పుడూ పగటిపూటే పడితే దాన్ని రొటేషన్ అనరు.

ఇక్కడ తరచూ కాలు జారే గొయ్యి ఒకటుంది, వేసవి గడియారం, అంటే వేసవి నెలల్లో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. వెనక్కి జరిపేది యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. అందుకే మామూలుగా ఐదు గంటలుండే లండన్, న్యూయార్క్ తేడా మార్చిలో రెండు మూడు వారాలు, ఆ తర్వాత అక్టోబర్ చివర్లో ఒక వారం నాలుగు గంటలే అవుతుంది. దక్షిణార్ధగోళంలో వేసవి తిరగబడి వస్తుంది కాబట్టి లండన్, సిడ్నీ తేడా ఏడాదిలో 9 గంటల నుంచి 11 గంటల దాకా ఊగుతుంది. సింగపూర్ గడియారం అసలు కదలదు. మీ మీటింగ్ ఏ ఊరి గడియారానికి కట్టారో ఇన్విటేషన్‌లోనే రాసేయండి. మారే వారాలకు వారం ముందే ఒక మెసేజ్ పెట్టండి. చిన్న విషయమే, కానీ ఏటా రెండుసార్లు ఎవరో ఒకరు గంట ముందొచ్చి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు.

వారాంతం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. సౌదీ అరేబియాలో సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం పనిరోజు. యూఏఈ ప్రభుత్వం 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగం రోజు. “శుక్రవారం సాయంత్రానికి ఇచ్చేయండి” అనే మాట ఒకరికి గడువు, ఇంకొకరికి సెలవు రోజు పని.

పని గంటలు దాటాక మెసేజ్‌లు పంపే అలవాటు మీకుంటే, పంపే టైమును వాళ్ల ఉదయానికి సెట్ చేయండి. “తొందరేం లేదు, రేపు చూడండి” అని రాసినా బాస్ దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్‌ను రేపటిదాకా చూడకుండా ఉండేవాళ్లు తక్కువ. కొన్ని దేశాల్లో ఇది మర్యాద దాటి చట్టం దాకా వచ్చింది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న కంపెనీలు పని తర్వాత ఫోన్, మెయిల్ వదిలేసే హక్కు గురించి ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలి. పోర్చుగల్ 2021లో ఇంకాస్త గట్టి నిబంధన తెచ్చింది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, పని గంటల తర్వాత వచ్చిన మెసేజ్‌కు జవాబివ్వకుండా ఉండే హక్కు ఉంది, ఆ నిరాకరణ అసమంజసం కానంతవరకూ. ఏడాది తర్వాత చిన్న సంస్థలకూ వర్తించింది. ఆరోగ్యం సంగతి వేరే చెప్పాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. రాత్రి కాల్స్ అన్నీ కలిపితే మీ టీమ్‌లో ఎవరు ఆ గీత దగ్గరున్నారో పట్టికలో ఇంకో గడి చేర్చండి.

మూడో అడుగు: నిర్ణయాలను కాగితం మీదకు తెండి

ఎంఐటీలో పనిచేసిన థామస్ అలెన్ 1970ల్లో ఇంజినీర్ల మీద చేసిన పరిశోధనలో ఒక విషయం బయటపడింది. ఇద్దరి బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్ల మధ్య మాటలు వేగంగా తగ్గిపోతాయి. కొన్ని పదుల మీటర్లు దాటితే ఒకే భవనంలో ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. ఇంటర్నెట్ వచ్చాక ఈ దూరం చెరిగిపోతుందనుకున్నాం. మైక్రోసాఫ్ట్‌లో అమెరికాలోని 61 వేల మందికి పైగా ఉద్యోగుల 2020 నాటి డేటాతో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలెట్టాక ఏ గుంపు వాళ్లు ఆ గుంపులోనే ఎక్కువ మాట్లాడుకున్నారు. గుంపుల మధ్య వంతెనల్లాంటి పరిచయాలు తగ్గాయి. అప్పటికప్పుడు ముఖాముఖి మాట్లాడుకోవడం తగ్గి, మెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి.

కాబట్టి “ఎలాగూ తెలుస్తుందిలే” అని వదిలేసిన కబురు దూరంగా ఉన్నవాళ్లకు చేరదు. ఒకసారి మీటింగ్ ముగిశాక లిఫ్ట్ దగ్గర నిలబడి నేనూ ఇంకో ఇద్దరూ ఒక ఫీచర్ తీసేద్దామని అనుకున్నాం. వేరే దేశంలో ఇద్దరు ఇంకో రెండు వారాలు ఆ ఫీచర్ మీదే పనిచేశారు. వాళ్లకు క్షమాపణ చెప్పాను కానీ ఆ రెండు వారాలు వెనక్కి రాలేదు. అప్పట్నుంచి మా దగ్గర ఒక నియమం: రాయని నిర్ణయం నిర్ణయం కాదు. రాసి ఒక పూర్తి రోజు, అంటే అన్ని దేశాల్లోనూ ఒక పగలు గడిచేదాకా అది పచ్చిగానే ఉంటుంది, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు.

నోట్ పెద్దగా అక్కర్లేదు. ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏ దారులు వద్దనుకున్నాం, ఎవరు ఎప్పటికి చేస్తారు, ఏం జరిగితే మళ్లీ చర్చకు పెడతాం. ఐదు విషయాలు, ఒక పేజీ లోపు. ‘వద్దనుకున్న దారులు’ అన్న వరుస అనవసరమని చాలామంది వదిలేస్తారు. నిద్రలేచి ఆ నోట్ చదివే మనిషికి అన్నిటికంటే పనికొచ్చేది అదే. తన ఆలోచనను ఎవరూ పట్టించుకోలేదని కుమిలిపోకుండా, దాన్ని చూసే పక్కన పెట్టారని తెలుస్తుంది.

మీటింగ్ మొదట్లో అందరూ పది నిమిషాలు మౌనంగా నోట్ చదివే పద్ధతి కూడా ప్రయత్నించండి. అమెజాన్‌లో 2004లో జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపించి, రాసిన నోట్ చదివే పద్ధతి పెట్టారు. మొదట్లో విచిత్రంగా ఉంటుంది, ఎవరో నవ్వుతారు కూడా. కానీ వేగంగా మాట్లాడగలిగిన మనిషికీ, నెమ్మదిగా చదివి లోతుగా ఆలోచించే మనిషికీ మధ్య ఉన్న తేడా అక్కడ కొంత తగ్గుతుంది.

నాలుగో అడుగు: మౌనాన్ని అంగీకారం అనుకోకండి

మౌనం అర్ధాంగీకారం అంటారు. పలు దేశాల టీమ్‌లో మౌనానికి ఇంకో పది అర్థాలున్నాయి: అర్థం కాలేదు, మాట వెతుక్కుంటున్నాను, పెద్దవాళ్ల ముందు కాదనడం మా దగ్గర పద్ధతి కాదు, ఇక్కడ అర్ధరాత్రి దాటింది, మైక్ పనిచేయడం లేదు.

పరాయి భాషలో పనిచేయడం ఎంత బరువో ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లకు తెలియదు. జపాన్ కంపెనీ రకుటెన్ 2010లో ఇంగ్లీషును సంస్థ అధికార భాషగా ప్రకటించి ఉద్యోగులకు రెండేళ్ల గడువిచ్చింది. అంత పెద్ద సంస్థ, అంత పట్టుదలతో చేసినా రెండేళ్ల పని అది. మీరు మాత్రం కొత్తగా చేరిన మనిషి మూడో వారానికల్లా జోకులు అర్థం చేసుకుని మధ్యలో అందుకుని మాట్లాడాలని ఆశిస్తారు. ఈ బరువును భాష బాగా వచ్చినవాళ్లు కూడా మోయాలి. నెమ్మదిగా మాట్లాడండి. సామెతలు, క్రికెట్ బేస్‌బాల్ పోలికలు తగ్గించండి. కాల్‌లో మాటలు రాతరూపంలో కనిపించే ఆప్షన్ ఆన్ చేయండి. అజెండా ముందురోజే పంపండి, అప్పుడే మాటలు సిద్ధం చేసుకునే వీలుంటుంది.

“అర్థమైందా?” అని అడగడం మానేయండి. ప్రపంచంలో ఎక్కడైనా దానికి జవాబు “అయింది” అనే వస్తుంది. బదులుగా “దీన్ని మీరు ఎక్కడ మొదలుపెడతారు?”, “ఇందులో ఏది చెడిపోయే అవకాశం ఉంది?” అని అడగండి. రెండో ప్రశ్న తప్పు చూపించమని మీరే కోరినట్టుగా ఉంటుంది కాబట్టి, బాస్‌ను కాదనలేని వాతావరణంలో పెరిగినవాళ్లకు తలుపు తెరుచుకుంటుంది. కొందరు అందరి ముందు అసలు చెప్పరు. వాళ్లకు మీటింగ్ తర్వాత ఒక చిన్న మెసేజ్: “మీకేమనిపించింది?”

మాట్లాడే వరుస మార్చండి. ఎక్కువ దూరంలో ఉన్నవాళ్లు ముందు, మీరు చివర. గదిలో ఐదుగురు కూర్చుని స్క్రీన్ మీద ఇద్దరుంటే ఆ ఇద్దరూ ప్రేక్షకులైపోతారు. ఒక్కరు బయట ఉన్నా అందరూ ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు చేరడం మంచిది. గదిలో ఉన్నవాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. మొదట ఆమెకే అంతుపట్టలేదు. తర్వాత తేలిందేమిటంటే, ఆ బృందాల్లో వాళ్లు భయపడకుండా పొరపాట్లు చెప్పుకుంటున్నారు. మీ టీమ్‌లో దూరపు ఆఫీసు నుంచి ఏ సమస్యా రావడం లేదంటే సంతోషించే ముందు ఒకసారి ఆరా తీయండి. మొదటి చెడ్డ కబురు మోసుకొచ్చిన మనిషితో మీరెలా ఉన్నారన్నదాన్ని బట్టే రెండోది వస్తుందా రాదా అనేది తేలుతుంది. మా టీమ్‌లో “ఈ వారం నేను చేసిన తప్పు” అని నేనే మొదలుపెట్టేవాణ్ని. నాలుగు వారాలదాకా ఇంకెవరూ నోరు తెరవలేదు. ఐదో వారం ఒకరు తెరిచారు.

ఐదో అడుగు: కనిపించేవాళ్లకే ప్రమోషనా?

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆఫీసులో అడిగే అవకాశం కాఫీ మెషీన్ దగ్గర దొరుకుతుంది. ఆ మెషీన్‌కు ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి ఎక్కడ అడగాలి?

దీని మీద మంచి ఆధారాలున్నాయి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనా ట్రావెల్ కంపెనీ సీట్రిప్ షాంఘై కాల్ సెంటర్‌లో 2010 చివర్లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ముందుకొచ్చిన సుమారు 250 మందిని లాటరీతో రెండుగా చేసి, సగం మందిని తొమ్మిది నెలలు ఇంటి నుంచి పని చేయించారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అయినా ఒకే పనితీరు ఉన్నవాళ్లను పోలిస్తే ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ప్రయోగం అయ్యాక ఒంటరిగా ఉందని ఆఫీసుకు తిరిగొచ్చినవాళ్లూ చాలామందే. అదే కంపెనీలో 2021-22లో 1,612 మందితో ఇంకో ప్రయోగం జరిగింది, ఈసారి వారంలో రెండు రోజులు ఇల్లు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, ప్రమోషన్లలో తేడా కనిపించలేదు. ఇంకో సరదా సంగతి: ప్రయోగానికి ముందు మేనేజర్లు ఉత్పాదకత పడిపోతుందని అంచనా వేశారు, అయ్యాక కొంచెం పెరుగుతుందన్నారు.

నాకు ఇందులో కనిపించేది, పనిచేసే చోటు కంటే మేనేజర్ కళ్ల అలవాటే పెద్ద సమస్య అని. దాన్ని సరిచేయాలంటే మీ దగ్గర లెక్క ఉండాలి. నెలకోసారి మూడు విషయాలు రాసుకోండి: పేరు తెచ్చే పనులు ఎవరికిచ్చాను, వెట్టి పనులు (నోట్స్ రాయడం, షెడ్యూల్ సర్దడం, కొత్తవాళ్లకు చూపించడం) ఎవరు చేశారు, పై మీటింగుల్లో ఎవరి పేరు పలికాను. అప్రైజల్ రాసే ముందు ఒక్కొక్కరి పని ఆధారాలు ముందేసుకుని రాయండి. రేటింగ్ ఇచ్చాక ఆఫీసులో ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ విడిగా పేర్చి చూడండి. తేడా ఉంటే ఒక్కొక్క కేసూ మళ్లీ తెరవండి.

కీబోర్డ్ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కొనకండి. మౌస్ కదుపుతూ కూర్చోవడం ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది, మీకు దొరికేది కదిలిన మౌస్ లెక్క మాత్రమే. పైగా కొన్ని రకాల నిఘాకు చట్టం కూడా అడ్డొస్తుంది. యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం కింద, పనిచేసేచోట ఉద్యోగుల భావోద్వేగాలను పసిగట్టే ఏఐ వాడకాన్ని 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించారు, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప.

ఆరో అడుగు: ఏఐ గురించి దాగుడుమూతలు ఆడకండి

మీ టీమ్‌లో ప్రతి ఒక్కరి మనసులోనూ ఉన్న ప్రశ్న “నా ఉద్యోగం ఉంటుందా?” అనేదే. మీరు ఎత్తకపోతే వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 జనవరి నివేదికలో కంపెనీలు చెప్పిన అంచనా: 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయి, 9.2 కోట్ల ఉద్యోగాలు పోతాయి, ఉద్యోగుల ప్రధాన నైపుణ్యాల్లో 39 శాతం మారతాయి. లెక్క మొత్తమ్మీద లాభమే. అయితే పోయే ఉద్యోగంలో ఉన్న మనిషికి ఇంకో ఖండంలో వచ్చే ఉద్యోగం ఏ ఊరట ఇస్తుంది? ఈ అంకెలు చెప్పి ధైర్యం చెప్పకండి.

దానికి బదులు పనులను ముక్కలు చేయండి. ఒక్కొక్కరితో గంట కూర్చుని వాళ్ల వారంలో ఉన్న పనులన్నీ రాయండి. ప్రతి పని పక్కనా ఒక గుర్తు: ఏఐతో చేయొచ్చు, ఏఐ చేస్తే మనిషి సరిచూడాలి, మనిషే చేయాలి. ‘ఉద్యోగం పోతుంది’ అనే చీకటి భయం ‘ఈ మూడు పనులు మారతాయి’ అనే మాట్లాడుకోదగ్గ విషయంగా దిగొస్తుంది. రెండో గుర్తు పెట్టిన పనులకు ఎవరు సరిచూస్తారో పేరు రాయండి. ఏఐ తప్పు చేస్తే దాన్ని వాడిన జూనియర్ మీద నెట్టేసి తప్పుకునే పద్ధతి మొదలైందంటే ఇక ఎవరూ వాడరు, వాడినా చెప్పరు.

ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ అనే పరిశోధకులు ఐదు వేలమందికి పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల డేటాతో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఏఐ సహాయకుణ్ని ఇచ్చాక గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లకు, నైపుణ్యం తక్కువున్నవాళ్లకు 34 శాతం. ఆరితేరినవాళ్లకు దాదాపు ఏమీ లేదు. బాగా చేసేవాళ్ల పద్ధతులను ఆ పరికరం కొత్తవాళ్లకు చేరవేసిందని పరిశోధకుల వివరణ. కొత్తవాళ్లకు మంచిదే. కానీ తన ఏళ్ల అనుభవం ఒక పరికరంలోకి వెళ్లి అందరికీ ఉచితంగా దొరుకుతుంటే, ఆ సీనియర్‌కు దక్కిందేమిటి? నేర్పించడం, సరిచూడటం, పరికరాన్ని మెరుగుపరచడం వాళ్ల అధికారిక పనిగా రాసి, అప్రైజల్‌లో లెక్కలోకి తీసుకోండి. రెండో చివర ఇంకో చిక్కుంది. చిన్న పనులన్నీ ఏఐకిచ్చి జూనియర్లను తీసుకోవడం మానేస్తే, ఐదేళ్ల తర్వాత సరిచూసే సీనియర్లు ఎక్కడ్నుంచి వస్తారు? ఈ ప్రశ్న మీ పై వాళ్లను అడగండి. జవాబు రాకపోయినా అడిగినట్టు రికార్డులో ఉంటుంది.

నేర్చుకోవడానికి పని గంటల్లోనే టైము ఇవ్వండి. “వీలున్నప్పుడు ఆ కోర్సు చూడండి” అంటే, ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉన్న మనిషి వెనకబడిపోవడం ఖాయం. వారానికి రెండు గంటలు క్యాలెండర్‌లో కట్టేసి, ఆ గంటల్లో మీటింగ్ పెట్టిన మొదటి మనిషి మీరు కాకుండా చూసుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో మీ ఉద్యోగులుంటే, ఏఐ వాడే సిబ్బందికి దాని మీద తగినంత అవగాహన ఉండేలా సంస్థలు చర్యలు తీసుకోవాలన్న నిబంధన కూడా 2025 ఫిబ్రవరి 2నే అమల్లోకి వచ్చిందని గుర్తుంచుకోండి.

ఏడో అడుగు: చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడో తీసుకున్న నిర్ణయం మీ టీమ్‌లో ఎవరి మీదో పడుతుంది. ఒకరోజు ఆ జాబితా మీ చేతికొస్తుంది. మొదట చేయాల్సింది హెచ్‌ఆర్‌తో, లాయర్‌తో మాట్లాడటం, ఎందుకంటే దేశానికో నియమం. అమెరికాలో 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం 100 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు మూసివేతకూ భారీ తొలగింపుకూ సాధారణంగా 60 రోజుల ముందు నోటీసివ్వాలి. బ్రిటన్‌లో ఒకేచోట 90 రోజుల్లోపు 20 మందిని, అంతకుమించి తీసేయాలనుకుంటే కనీసం 30 రోజుల ముందు, 100 మంది, ఆపైన అయితే 45 రోజుల ముందు సంప్రదింపులు మొదలవ్వాలి. మీరు జాలితో ఒకరికి ముందే చెప్పేసిన మాట ఇంకో దేశంలో చట్టపరమైన చిక్కు కావచ్చు.

చెప్పేటప్పుడు మూడు ముక్కలు: మాకు తెలిసింది ఇది, ఇంకా తేలనిది ఇది, మళ్లీ ఫలానా రోజున మాట్లాడతాను. ఆ రోజుకు కొత్త విషయం ఏమీ లేకపోయినా వచ్చి “ఇంకా తేలలేదు” అని చెప్పండి. “ఇక కోతలుండవు” అని మాటివ్వకండి, అది మీ చేతిలో లేదు. లాగిన్ పనిచేయకపోవడం చూసి ఉద్యోగం పోయిందని తెలుసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. దాని కోసం మీరు తెల్లవారుజామున మూడింటికి లేవాల్సి వస్తే లేవండి. ఈ వారం రొటేషన్‌లో మీ వంతు అనుకోండి.

మిగిలినవాళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. పది మంది పని ఏడుగురి మీద పడుతుంది, అందులోనూ కాదనలేని ఇద్దరి మీద ఎక్కువ పడుతుంది. వారం తిరక్కముందే ‘ఇక చేయని పనులు’ అని ఒక జాబితా రాసి మీ పై వాళ్ల సంతకం తీసుకోండి. జాబితాలో ఏమీ లేకపోతే మీరు పనిని తగ్గించలేదు, దాచారంతే.

ఎనిమిదో అడుగు: మీరు నిద్రపోయేటప్పుడు

మీరు నిద్రలో ఉండగా ఎవరు ఏ నిర్ణయం తీసుకోవచ్చో రాసిపెట్టండి. ఎంత ఖర్చు దాకా, ఏ మార్పు దాకా, ఎలాంటి సమస్యకు మిమ్మల్ని నిద్రలేపాలి. వేరే టైమ్ జోన్‌లో ఒకరికి ఆ అధికారం ఇచ్చాక, పొద్దున లేచి వాళ్ల నిర్ణయాన్ని తిప్పేయకండి. నచ్చకపోతే తర్వాతి దానికి నియమం మార్చండి.

ఇవన్నీ ఒకే నెలలో మొదలుపెడితే ఆరంభ శూరత్వమే అవుతుంది. పట్టిక, మీటింగ్ టైములు మొదటి రెండు వారాల్లో చేయండి, ఎందుకంటే వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నోట్ రాసే పద్ధతికి ఒక నెల పడుతుంది. ఏఐ ముక్కల లెక్క ఆ తర్వాత, ఒక్కొక్కరితో తీరిగ్గా. మూడు నెలలకు పట్టిక మళ్లీ వేయండి. ఈసారి టీమ్‌కు చూపించి, రంగులు వాళ్లనే వేయమనండి. మీరు తెల్లగా వదిలేసిన గడుల్లో వాళ్లు ఎరుపు వేస్తారు, అప్పుడు వాదించకుండా క్యాలెండర్ తెరవండి.